నీలం డబ్బాలో రెండంగుళాల మేకులు

ఒక ఇంటికి మూడు టిన్ ఓపెనర్లు ఎందుకు అన్న దగ్గర మొదలైంది తగువు. డిసెంబరు మొదటి శనివారం, పొద్దున్న ఎనిమిదిన్నర. ఆర్మాన్ థిబొడో వంటింటి సొరుగును బల్ల మీద బోర్లించి, మూడు ఓపెనర్లనూ వరసగా నిలబెట్టి, దొంగల్ని గుర్తుపట్టమంటే చూసినట్టు చూస్తున్నాడు.

"ఒకటి చాలు. రెండు తీసేస్తున్నా."

"ఏ రెండు?" అంది జెర్మెన్, పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండానే. పెనం మీద ప్లోయ్ అట్టుకు చిల్లులు పడుతున్నాయి. ఆ నిమిషంలో పెనం మీంచి చూపు తీస్తే అట్టు చెడుతుంది. మొగుడు చెడేది కొత్తగా ఏమీ ఉండదు.

"పనిచెయ్యనివి."

"ఎర్రపిడిది మా అమ్మది. అది పనిచెయ్యదు, ఊరికే ఉంటుంది. నల్లది చేపల డబ్బాలకి. మూడోది మిగతావాటికి."

"పనిచెయ్యనివి ఊరికే ఉండడమే ఈ దేశానికి పట్టిన జబ్బు!"

"నిన్న మధ్యాహ్నం నువ్వు మూడు గంటలు నిద్రపోయావు. నిన్ను తీసేశానా?"

కాగితం మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైన ఆర్మాన్‌కి ఆ నవంబరు బాగా కలిసొచ్చింది. అతని పార్టీ గెలిచింది. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసేది జనవరిలో. అప్పటిదాకా టీవీలో పొద్దస్తమానం ఒకటే చర్చ: ఏ శాఖకి ఎవర్ని వేస్తున్నారు, ఏ ఆఫీసు మూసేస్తున్నారు, ఎవర్ని దేశం దాటిస్తున్నారు. జనవరిదాకా ఆగే ఓపిక ఆర్మాన్‌కి లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కనుక, దుబారా తగ్గించే శాఖ ఒకటి ఇంట్లోనే తెరిచాడు. జీతం లేదు. అధిపతి తనే.

"నిన్నెవరు వేశారు ఈ ఉద్యోగంలో?" అంది జెర్మెన్, అట్టు పళ్లెంలోకి జారుస్తూ.

"ప్రజలు."

"ఈ ఇంట్లో ప్రజలు ఇద్దరు. అందులో ఒకదాన్ని నేను. నేను నీకు వెయ్యలేదు."

అది నిజమే. పెళ్లయిన నలభై మూడేళ్లుగా ప్రతి ఎన్నికకూ ఇద్దరూ ఒకే కారులో వెళ్లి, ఒకరి ఓటును ఒకరు కొట్టేసి, ఒకే కారులో ఇంటికొచ్చి ఆపిల్ పై తింటారు. ఇన్ని దుబారాలు కనిపెట్టిన ఆర్మాన్‌కి ఆ పెట్రోలు దుబారా మాత్రం ఎన్నడూ కనిపించలేదు.

"ఆ సొరుగు గోల వదిలెయ్. సోమవారం పదకొండుకి పోస్టాఫీసులో నీ పాస్‌పోర్టు పని. కాగితాలు తీసిపెట్టుకున్నావా?" అంది జెర్మెన్.

"నా కాగితం ఎక్కడుండాలో అక్కడ భద్రంగా ఉంది."

పాస్‌పోర్టు సంగతి ఇది. కూతురు మోనిక్ సరిహద్దు నది మీది వంతెన అవతలి కుర్రాణ్ణి చేసుకుని కెనడాలో కాపురం పెట్టింది. జనవరి రెండో ఆదివారం ఆమె కూతురు ఎలోడీకి అక్కడి చర్చిలో బాప్తిస్మం. జ్ఞానతండ్రిగా నిలబడవలసినవాడు తాత ఆర్మాన్. నడిస్తే వంతెన పది నిమిషాలు. అయినా ఆర్మాన్ దాన్ని దాటి పదిహేనేళ్లు దాటింది. తిరిగొచ్చేటప్పుడు పాస్‌పోర్టు అడగడం మొదలుపెట్టిన రోజే అతను వెళ్లడం మానేశాడు. "నేను పుట్టిన ఒడ్డుకి వెళ్లిరావడానికి నాకు పుస్తకం కావాలా?" అనేవాడు.

అతను పుట్టింది ఆ ఒడ్డునే. ఆ రోజుల్లో ఇవతలి ఒడ్డున తమ ఊరు సెంట్ ఓడిల్‌లో ఆసుపత్రి లేదు. నొప్పులొస్తే ఆడవాళ్లు వంతెన దాటి అవతలి ఆసుపత్రికి వెళ్లేవారు. వారం తిరక్కుండా దుప్పటి మూటతో తిరిగొచ్చేవారు. ఊళ్లో అరవై దాటినవాళ్లలో సగంమంది ఆ మూటల్లో వచ్చినవాళ్లే. ఆర్మాన్ తండ్రి జాగ్రత్తపరుడు. అమెరికా కాన్సులేటుకు వెళ్లి, ఈ పిల్లాడు మనవాడే అని ముద్ర వేయించి తెచ్చుకున్నాడు. ఆ కాగితం నీలం రంగు బిస్కెట్ డబ్బాలో ఉంటుంది. నీలం డబ్బా, పోయినేడు అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చినప్పుడు ఆమెతోపాటు వెళ్లింది. ఆర్మాన్‌కి తెలిసినంతవరకూ అంతే.

కాబట్టి ఆ మధ్యాహ్నం, జెర్మెన్ చర్చిలో క్రిస్మస్ పైలు చేసే పనికి వెళ్లాక, మేడమీద అల్మారాలో మరో నీలం డబ్బా కనబడేసరికి అతనికి మనసు చివుక్కుమంది. మూత తీశాడు. పైన దారపుండలు. అమ్మ దగ్గర ఒక దారాల డబ్బా, ఇక్కడ మరొకటి! అడుగున మడతలు పెట్టిన పాత కాగితాలు, కుట్టుపని నమూనాలై ఉంటాయి. గారేజీలో కట్టెల పొయ్యి మండుతూనే ఉంది. దారాలూ నమూనాలూ అందులోకి వెళ్లాయి. డబ్బా మాత్రం మంచిది, పారెయ్యడం దుబారా. దాన్ని శుభ్రంగా తుడిచి, మేకులు పోసి, మూత మీద తన చేత్తో 'మేకులు – రెండంగుళాలు' అని రాసి అరలో పెట్టాడు. ఆ రోజు మొత్తం పందొమ్మిది వస్తువులు తగ్గించాడు. టిన్ ఓపెనర్లు మూడూ సొరుగులోనే ఉండిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి జెర్మెన్ తమ్ముడు లియొనెల్ వచ్చాడు. హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పి రిటైరైన బ్రహ్మచారి. చర్చికి రాడు, చర్చి అయ్యాక భోజనానికి తప్పడు. అక్క పార్టీయే అతనిదీనూ. కాకపోతే అక్క ఓటు వేసి ఊరుకుంటుంది, అతను ఊరుకోడు.

"మీవాడు ఆ శాఖకి ఎవర్ని పెట్టాడో చూశావా బావా? అసలు ఆ శాఖే వద్దన్నవాణ్ణి! పాలకుండకి పిల్లిని కాపలా పెట్టినట్టు."

"కొత్త కళ్లు కావాలోయ్. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఏం ఊడబొడిచారు?"

"అయితే నీ మోకాలి ఆపరేషన్‌కి కొత్త కళ్లవాణ్ణే పిలుద్దాం. మా వీధి ప్లంబరు ఖాళీగా ఉన్నాడు."

"మీవాళ్లు నాలుగేళ్లు కోశారు. కుట్టడం మర్చిపోయారు. గుడ్లు కొనడానికి వెళ్తే ధర చూసి తెలుస్తుంది."

"నేను గుడ్లు తినను."

"అందుకే నీకు దేశం సంగతి తెలీదు. విను, ఉద్యోగానికి అర్హత ఒక్కటే. మనవాడా, కాదా! పని ఎవడైనా నేర్చుకుంటాడు. మనవాడు కావడం నేర్చుకోలేడు."

చికెన్ కూర అయిపోయేసరికి వలసల దగ్గరికి వచ్చారు.

"ముందు కాగితం, తర్వాతే మాట," అన్నాడు ఆర్మాన్ ఫోర్కు ఎత్తి. "కాగితం లేనివాడు ఎవడైనా సరే, మూట కట్టుకుని వంతెన అవతలికి నడవాల్సిందే."

"నువ్వు మూటలో వచ్చిందే అవతల నుంచి."

"నాకు కాగితం ఉంది!"

"ఎప్పుడైనా చూశావా దాన్ని?"

"మా అమ్మ గదిలో నీలం డబ్బాలో ఉంది. రేపు తెచ్చి నీ ముక్కుకి అంటిస్తా, చూసుకో."

"ఏ డబ్బా?" అంది జెర్మెన్, బంగాళాదుంపల గిన్నె పట్టుకుని. కానీ ఇద్దరు మగవాళ్లు దేశాన్ని నడుపుతున్నప్పుడు వంటింటి ప్రశ్న ఎవరికి వినపడుతుంది? లియొనెల్ అప్పటికే రాజ్యాంగం ఎత్తుకున్నాడు. జెర్మెన్‌కీ తొందరగానే ఉంది. మోనిక్‌కి సాయంగా నాలుగు రోజులుండడానికి ఆ సాయంత్రమే వంతెన దాటాలి. ఆమెకు పాస్‌పోర్టు ఉంది.

సోమవారం పది గంటలకి ఆర్మాన్ వృద్ధాశ్రమంలో తల్లి గదికి వెళ్లాడు. క్లెమాన్స్ గారికి తొంభై ఒకటి. వయసు మీదపడ్డాక ఆమె ఇంగ్లీషు మొత్తం రాలిపోయి, పుట్టినప్పటి ఫ్రెంచి ఒక్కటే మిగిలింది. అక్కడ పనిచేసే పిల్లలకు ఆ ఫ్రెంచి రాదు, ఒక్క ఎస్పెరాన్స్‌కి తప్ప. ఎస్పెరాన్స్‌ది కాంగో. ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకుని, పని చేసుకోవడానికి అనుమతి తెచ్చుకుని, రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటోంది. ముసలావిడ ఆమెను నది దిగువన ఎవరో చుట్టాల పిల్ల అనుకుంటుంది. ఆవిడ లెక్కలో ఫ్రెంచి వచ్చినవాళ్లంతా చుట్టాలు, రానివాళ్లంతా పరదేశులు. ఆ రెండో జాబితాలో అమెరికా అధ్యక్షులందరూ ఉన్నారు.

ఎస్పెరాన్స్ ముసలావిడకి సూప్ పడుతోంది. ఆర్మాన్ కిటికీ దగ్గరున్న నీలం డబ్బా మూత తీశాడు. దారాలు. వేళ్లతో కెలికాడు. బొత్తాలు, అంగుస్తాను, మళ్లీ దారాలు.

"ఇందులో కాగితాలేవి?"

"కాగితాలా, మొస్యూ ఆర్మాన్? నేను చూసినప్పట్నుంచీ దారాలే."

"నువ్వెందుకు చూశావు?"

"అమ్మగారు రోజూ రంగుల వారీగా సర్దమంటారు."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగి, ఇంటికి ఫోన్ చేసి ఉంటే ఇంకా బాగుండేది. కానీ పోస్టాఫీసు పనికి గంటే ఉంది. లియొనెల్ ముక్కు కళ్లముందు ఆడుతోంది. నెల రోజులుగా టీవీలో విన్న మాటలు నాలుక చివర వరసలో నిలబడి ఉన్నాయి.

"అది నా పుట్టుక కాగితం. అమెరికా కాగితం. ఈ రోజుల్లో అలాంటిది ఎవరికి అవసరమో నేను చెప్పక్కర్లేదు."

తలుపు తెరిచే ఉంది. నడవాలో చక్రాల కుర్చీలు మూడు ఆగిపోయాయి. ఎస్పెరాన్స్ చెంచా గిన్నెలో పెట్టేసింది. నిర్వాహకురాలు మిసెస్ పెల్కీ వచ్చింది. విన్నది. రోగి తాలూకువాళ్లు వస్తువు పోయిందంటే, విచారణ తేలేదాకా ఆ గది మనిషి ఇంటికి వెళ్లాలి, అది నియమం. "అంత అవసరం లేదులెండి" అనడానికి ఆర్మాన్‌కి దాదాపు నిమిషం వ్యవధి దొరికింది. ఆ నిమిషమంతా అతను డబ్బాలోకే చూస్తూ గడిపాడు.

ఎస్పెరాన్స్ ముసలావిడ మూతి తుడిచి, గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టింది. "సగమే పట్టాను. మిగతాది వేడిగా ఉండగా పట్టండి," అని కోటు తీసుకుని వెళ్లిపోయింది.

ఆర్మాన్ చెంచా ఎత్తాడు.

"ఆ పిల్లేదిరా?" అంది తల్లి. సమాధానం రాకపోయేసరికి నోరు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

పోస్టాఫీసులో తన కాగితం దొంగిలించారని చెప్పాడు. ఒరిజినల్ లేనిదే దరఖాస్తు తీసుకోం అన్నారు. ఇంటికొచ్చి, కోపం తీరడానికి ఏదైనా కొట్టాలనిపించి, గారేజీలో మేకుల కోసం వెళ్లాడు. నీలం డబ్బా మూత తీసి వెల్లకిలా పెట్టాడు. మూత లోపలివైపు, పెన్సిలుతో, చనిపోయి ఇరవై ఏళ్లయిన తండ్రి చేతిరాత: 'ఇంటి ముఖ్య కాగితాలు. పారెయ్యకూడదు.'

ఆర్మాన్ మూత వేసేశాడు. తర్వాత పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని బూడిద మొత్తం జల్లెడ పట్టాడు. ఒక ఇత్తడి బొత్తం దొరికింది.

వెంటనే వెళ్లి చెప్పెయ్యాలి. ఆ మాట అతనికి తెలియక కాదు. రేపు పొద్దున్న చెబుదామనుకున్నాడు. మర్నాడు పొద్దున్నకి ఊరు లేచి కూర్చుంది.

ముందు మంచు మీద బండ్లు నడిపే అతని స్నోమొబైల్ క్లబ్బు మిత్రులు వచ్చారు, నలుగురు. ఊళ్లో కాగితాలకి రక్షణ లేదని తేల్చి, 'కాగితాల రక్షణ సంఘం' అని ఒకటి పెట్టి, వృద్ధాశ్రమంలో పనివాళ్లందరినీ తనిఖీ చేయాలని మహజరు రాసుకొచ్చారు. దానికి అధ్యక్షుడు ఆర్మాన్.

"నాకేం తెలుసని?" అన్నాడు ఆర్మాన్ నీరసంగా.

"తెలియక్కర్లేదు. నువ్వు మనవాడివి," అన్నారు వాళ్లు.

మధ్యాహ్నానికి లియొనెల్ లైబ్రరీ మెట్ల మీద బల్ల వేసుకుని మరో మహజరు తెరిచాడు: ఎస్పెరాన్స్‌కి న్యాయం జరగాలి, ఆర్మాన్ థిబొడో బుద్ధి తెచ్చుకోవాలి. రెండో డిమాండుకే సంతకాలు ఎక్కువ పడ్డాయని తర్వాత తెలిసింది. బుధవారానికి బేకరీలో ఒక పార్టీవాళ్లు కిటికీవైపు, ఇంకో పార్టీవాళ్లు గోడవైపు కూర్చుంటున్నారు. పాలజగ్గు ఒక్కటే ఉండడంవల్ల దాన్ని అడగడానికి మాత్రం మాట్లాడుకుంటున్నారు. అదే బేకరీ మేడమీద గదిలో ఎస్పెరాన్స్ ఉంటుంది. రెండు పార్టీల్లోనూ ఒక్కరు కూడా మెట్లెక్కి, అమ్మాయీ ఎలా ఉన్నావు అని అడగలేదు.

ఆర్మాన్ తేలు కుట్టిన దొంగలా ఇంట్లో కూర్చున్నాడు. జెర్మెన్ ఫోన్ చేస్తే వాతావరణం గురించి మాట్లాడాడు. మిసెస్ పెల్కీ ఫోన్ చేస్తే మాత్రం వినవలసి వచ్చింది. "మీ అమ్మగారు సోమవారం నుంచీ నీళ్లూ కాసిని పాలూ తప్ప ఏమీ ముట్టుకోవడం లేదు. మాకు ఆవిడ మాట అర్థం కావడం లేదు. మీరు వస్తారా?"

వెళ్లాడు. తల్లి అతన్ని చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు.

గురువారం పదకొండింటికి జెర్మెన్ దిగింది. వంతెన ఇవతల కస్టమ్స్ కుర్రాడే కథంతా చెప్పి పంపించినట్టున్నాడు. ఆమె ఒక్క మాట అడగలేదు. మోనిక్ ఇచ్చిన క్రిస్మస్ తోరణం తలుపుకి కట్టాలి, మేకు కావాలి అంటూ గారేజీలోకి వెళ్లింది. మేకు తెచ్చుకోవడానికి పట్టేదానికన్నా ఎక్కువసేపే పట్టింది. వచ్చి, నీలం డబ్బాను అతని ముందు, కాఫీ కప్పు పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఇందులో ఏముంది?"

"మేకులు."

"అంతకుముందు?"

ఆర్మాన్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"పైన దారాలు పెట్టింది నేనే," అంది జెర్మెన్. "మీ అమ్మ తన దారాల డబ్బా తను తీసుకెళ్లింది. ఇది మీ నాన్నది. దొంగలు దారాల డబ్బా ముట్టుకోరని పెట్టా."

దొంగలు ముట్టుకోరు, నిజమే. దొంగలకి దేశాన్ని బాగుచేసే ఆలోచన ఉండదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం. మధ్యాహ్నం."

"ఇవాళ గురువారం." ఆమె గొంతు పెంచలేదు. పెంచితే అతనికి కొంత తేలిగ్గా ఉండేది. "నలభై మూడేళ్లు నీ ఓటుని కొట్టెయ్యడానికి నా ఓటు ఖర్చుపెట్టా. కాగితం లేని మనిషి కోసం."

"రేపు పొద్దున్నే వెళ్లి చెబుతా."

"ప్లోయ్ పిండి రేపటికి కలుపుతా. ఇది ఇవాళ్టి పని. కోటు వేసుకో."

మిసెస్ పెల్కీ గదిలో తలుపు వేసి నెమ్మదిగా చెప్పేసి బయటపడదామనుకున్నాడు ఆర్మాన్. ఆమె అంతా విని, ఫిర్యాదు వెనక్కి తీసుకునే ఫారం నింపించి, సంతకం పెట్టించి, లేచి తలుపు తెరిచింది.

"మీరు ఆ మాట అన్నప్పుడు తలుపు తెరిచే ఉంది మిస్టర్ థిబొడో. విన్నవాళ్లందరూ భోజనాల గదిలో ఉన్నారు."

ఇరవై ఆరుమంది ముసలివాళ్లు జెల్లీ తింటున్నారు. అందులో తన మూడో తరగతి పంతులమ్మ ఉంది. మిల్లులో తనకి పని నేర్పిన మేస్త్రీ ఉన్నాడు. ఆర్మాన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, కాగితం ఎవరూ తియ్యలేదనీ, తనే పొరపాటున తగలేసుకున్నాననీ, ఎస్పెరాన్స్ తప్పేమీ లేదనీ చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అంది కిటికీ దగ్గర ఒకావిడ.

"ఏదో తగలబడిందట," అన్నాడు పక్కాయన.

"ఎక్కడ? ఇక్కడేనా?"

రెండోసారి ఇంకాస్త గట్టిగా చెప్పాడు. వెనక బల్లవాళ్లు చెవి మిషన్లు సవరించుకుని, మళ్లీ చెప్పమన్నారు. మూడోసారి అరవవలసి వచ్చింది: "నేనే కాల్చాను! ఆ అమ్మాయి మీద అబద్ధం చెప్పాను! మూడు రోజులు దాచాను!"

చెంచాలు ఆగిపోయాయి. పంతులమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఆర్మాన్ థిబొడోనా? మూడో తరగతిలోనూ ఇంతే. సిరా ఒలకబోసి పక్కవాడి పేరు చెప్పాడు," అని జెల్లీ వైపు తిరిగింది.

అక్కణ్ణుంచి ఎస్పెరాన్స్ గదికి బేకరీలోంచి కాకుండా వెనక మెట్ల మీంచి వెళ్దామనుకున్నాడు. వెనక మెట్లు మంచుతో మూసుకుపోయాయి. కిటికీవైపు పార్టీ, గోడవైపు పార్టీ చూస్తుండగా మధ్యలోంచి నడిచి, పైకెక్కి తలుపు తట్టాడు. అక్కడ చెప్పవలసింది చెప్పడం భోజనాల గదిలోకన్నా కష్టమైంది; ఎస్పెరాన్స్‌కి చెవులు బాగా వినిపిస్తాయి.

ఆమె అంతా విన్నది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"అమ్మగారు తిన్నారా?"

"లేదు."

"సోమవారం నుంచీ?"

అతను తల ఊపాడు. ఆమె తనలో తను ఏదో అనుకుంది. అది ఫ్రెంచి కాదు. అర్థం కాకపోవడమే మంచిదనిపించింది అతనికి.

"రేపు ఏడు గంటల షిఫ్టుకి వెళ్తాను. మీకోసం కాదు, ఆవిడకోసం," అంది ఎస్పెరాన్స్. "ఇంకోటి. కింద రెండు మహజర్లు తిరుగుతున్నాయట, రెండింటి మీదా నా పేరు ఉందట. నన్నెవరూ అడగలేదు. రెండూ నాకు వద్దు. మీకు కాగితాలు కాల్చడం అలవాటే కదా."

"అలాగే."

వెళ్లబోతుంటే వెనక్కి పిలిచింది. "ఇప్పుడు మీ దగ్గర ఏ కాగితాలున్నాయి మొస్యూ ఆర్మాన్?"

"డ్రైవింగ్ లైసెన్సు. స్నోమొబైల్ క్లబ్బు కార్డు."

ఎస్పెరాన్స్ బీరువా పైనుంచి లావుపాటి ఫైలు దించింది. పుట్టినప్పటి నుంచి నిన్నటిదాకా ఆమె బతుకు మొత్తం ప్లాస్టిక్ కవర్లలో, తేదీల వారీగా, ఒక్కోదానికి రెండేసి నకళ్లతో ఉంది. అంత చక్కగా సర్దిన కాగితాలు ఆర్మాన్ జీవితంలో చూడలేదు. అతను జీవితమంతా కాగితం మిల్లులో పనిచేశాడు. ఆమె ఒక చీటీ మీద ఏ ఆఫీసుకి రాయాలో, ఏం జతచెయ్యాలో, ఏ నంబరుకి ఏ సమయంలో ఫోన్ చేస్తే తొందరగా ఎత్తుతారో రాసి ఇచ్చింది.

"నకలు వస్తుంది. నేను ఈ దేశం వచ్చి ఐదేళ్లుగా ఆశ్రయం కోసం ఎదురుచూస్తున్నా. మీకు అంత పట్టదు. మీరు మూటలోనే అమెరికన్."

శుక్రవారం పొద్దున్న ఎనిమిదికి ఆ నంబరుకి ఫోన్ చేశాడు. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒకావిడ పలికి, ఐదారు నెలలు పడుతుందంది.

"ఐదారు నెలలా! ఇంతమంది ప్రభుత్వ జీతగాళ్లుండి ఒక్క కాగితానికి..."

"ఇంతమంది లేరు సార్. ఈ వరసలో నేనొక్కదాన్నే. ఖాళీలు నింపడం లేదు, దుబారా తగ్గించాలిట."

ఆర్మాన్ థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. అదే రోజు రెండు మహజర్లూ అడిగి పుచ్చుకున్నాడు. క్లబ్బువాళ్లు నువ్వు మనవాడివి కావన్నారు. లియొనెల్ మాత్రం, అన్ని సంతకాలు వృథా అవుతున్నందుకు నిజంగా బాధపడి ఇచ్చాడు. పొయ్యిలో వెయ్యబోతూ ఆర్మాన్ రెండింటినీ వెనకా ముందూ మూడుసార్లు చదివాడు. సోమవారం నుంచీ తల్లి మొదటిసారి గిన్నె ఖాళీ చేసిందని సాయంత్రం కబురొచ్చింది.

ఆదివారం బల్ల నిండుగా ఉంది. మోనిక్, అల్లుడు, ఒళ్లో ఎలోడీ, లియొనెల్. పెనం మీంచి వేడివేడి అట్లు వస్తున్నాయి. ఎవరూ ఏ శాఖ గురించీ మాట్లాడలేదు. లియొనెల్ రెండుసార్లు నోరు తెరిచాడు గాని, రెండుసార్లూ జెర్మెన్ అట్టు వడ్డించింది. అట్లన్నీ అయ్యాక ఆర్మాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక విషయం నిర్ణయించాను. ఫాదర్‌తో మాట్లాడాను. జనవరిలో నేను వంతెన దాటలేను. దాటితే తిరిగి రాలేను. పుస్తకంలో జ్ఞానతండ్రి పేరు నాదే ఉంటుంది. చర్చిలో నిలబడేది వేరే మనిషి, నా బదులు."

"మరి మీరు, నాన్నా?" అంది మోనిక్.

"ఆ పొద్దున్న నేను మీ మామ్మ గదిలో ఉంటా. ఆవిడా దాటలేదు, ఎస్పెరాన్స్ దాటలేదు, నేనూ దాటలేను. నువ్వు ఫోన్‌లో చూపిస్తే ముగ్గురం కలిసి చూస్తాం. వచ్చి కూర్చోవచ్చా అని ఎస్పెరాన్స్‌ని అడిగాను. సూప్ పట్టే పని నాదైతే రావచ్చంది." మెడ ఎర్రబడింది. "నా బదులు నిలబడేది లియొనెల్."

లియొనెల్ ఫోర్కు పళ్లెంలో పడింది.

"నేనా? నేను మీవాణ్ణి కాదు బావా! చర్చి గడప తొక్కి ఇరవై ఏళ్లయింది. పసిపిల్లని ఎత్తుకోవడం రాదు. దేవుడి మాట ఒక్కటి గుర్తులేదు. ఏం అర్హత ఉందని నన్ను వేస్తున్నావు?"

ఆర్మాన్ ఆ ఫోర్కు తీసి లియొనెల్ చేతిలో పెట్టాడు. జెర్మెన్ బంగాళాదుంపల గిన్నె తమ్ముడి వైపు జరిపింది.

"పాస్‌పోర్టు ఉంది," అంది.